పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఎవరివ్వాలి?



మీలో మిల్లు పనికి పోయేవాళ్ళున్నారు. కట్టుబడి పనికి పోయేవాళ్ళున్నారు. మిరప కళ్ళాల్లో, వరి నూర్పిళ్ళలో చేసేవాళ్ళున్నారు. ఎక్కడ చేసినా ఒక మాట మాత్రం అందరూ వినే ఉంటారు. "పనిలో దెబ్బ తగిలింది. పాపం, షావుకారు మంచోడు. ఆసుపత్రి ఖర్చు పెట్టాడు. చేతిలో ఇరవై వేలు కూడా పెట్టాడు."

షావుకారు మంచోడే కావచ్చు. కాని ఆ ఇరవై వేలు ఏ లెక్కన ఇచ్చాడు? అసలు ఎంత రావాలి? ఆ సంగతి ఎవరూ అడగరు. ఈ రోజు అదే తెలుసుకోవాలి.

గుంటూరు వైపు ఒక చిన్న పత్తి జిన్నింగు మిల్లు ఉందనుకోండి. ఎనిమిది మంది కూలీలు. వాళ్ళలో ఒకామెకు ముప్ఫై అయిదేళ్ళు. నెలకు తొమ్మిది వేలు వస్తాయి. ఒకరోజు రోలరు దగ్గర పత్తి ఇరుక్కుంది. మిషను ఆపితే పని ఆగుతుంది. పని ఆగితే మేస్త్రి అరుస్తాడు. ఆపకుండానే ఆమె చెయ్యి పెట్టింది. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

మేస్త్రి ఆటో పిలిచాడు. దారిలోనే ఒక మాట చెప్పాడు.

"డాక్టరు అడిగితే ఇంటికాడ గడ్డి కోసే మిషన్లో పడిందని చెప్పమ్మా. మిల్లు పేరు చెప్పావంటే పోలీసులొస్తారు. కేసవుద్ది. నీకే తిప్పలు. ఖర్చంతా మేం పెట్టుకుంటాంగా."

నెత్తురు కారుతోంది. ఆమె సరేనంది. డాక్టరు అడిగితే అదే చెప్పింది. చీటీ మీద అదే పడింది.

పది రోజులకు షావుకారు ఇంటికొచ్చాడు. పళ్ళు తెచ్చాడు. ఇరవై వేలు మంచం మీద పెట్టాడు. తర్వాత టైపు కొట్టిన కాగితం ఒకటి తీశాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. కుడిచేతికి కట్టుంది కదా, ఎడమ వేలు చాల్లే."

ఆమె రెండేళ్ళుగా రాత్రిపూట చదువుకు పోతోంది. షావుకారుకు ఆ సంగతి తెలియదు. కాగితం ఇటివ్వండయ్యా అంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. షావుకారు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. కాగితంలో ఉన్నవి మూడే మాటలు.

"నా ఏమరుపాటు వల్ల దెబ్బ తగిలింది. నాకు రావలసిన సొమ్ము మొత్తం ముట్టింది. ఇక మీదట ఏ కోర్టులోనూ ఏమీ అడగను."

"రేపు చెప్తానయ్యా. కాగితం ఇక్కడే ఉంచండి" అందామె. షావుకారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. డబ్బు కూడా తీసుకునే వెళ్ళాడు.

ఇటువంటి కాగితాలు ఊరూరా తిరుగుతుంటాయి. అన్నిటిలో ఇంచుమించు ఇవే మూడు మాటలుంటాయి. ఒక్కొక్క మాటకు చట్టం ఏం జవాబు చెబుతుందో చూడండి.

ముందు చట్టం పేరు చెప్పుకోవాలి. కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. అప్పుడు తెల్లవాళ్ళ పాలన. 2009లో సవరణ చేసి, ఉద్యోగుల నష్టపరిహార చట్టం అని పేరు మార్చారు. 2020లో పార్లమెంటు సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం చేసి, దీన్ని అందులో కలిపింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. పేర్లు మారాయి గాని ముఖ్యమైన హక్కులు పోలేదు. పాత పుస్తకాల్లో పాత పేరు కనిపిస్తే తికమక పడొద్దు.

ఇప్పుడు కాగితంలో మొదటి మాట. "నా ఏమరుపాటు."

ఏమరుపాటు ఎవరిదని ఈ చట్టం అడగదు. పని చేస్తుండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలిందా? అదే అడుగుతుంది. కొంగు సరిగా దోపుకోలేదు, చెయ్యి తొందరపడి పెట్టింది, పక్కామెతో మాట్లాడుతోంది అని యజమాని ఎన్నైనా చెప్పవచ్చు. అవేవీ పరిహారాన్ని ఆపలేవు. ఆపేవి మూడే ఉన్నాయి. తాగి పని చేస్తుండగా దెబ్బ తగలడం. రక్షణ కోసం పెట్టిన నియమాన్ని తెలిసి తెలిసి మీరడం. మిషనుకున్న రక్షణ జాలీని కావాలని తీసెయ్యడం. మనిషి చనిపోతే, లేదా ఇక ఏ పనీ చెయ్యలేని స్థితి వస్తే, ఈ మూడు సాకులు కూడా చెల్లవు. ఇంకో సంగతి. ఆ మిల్లులో రోలరుకు అసలు జాలీయే లేదు. లేని జాలీని ఆమె ఎక్కడ తీసేసింది?

రెండో మాట. "మొత్తం ముట్టింది."

ఎంత ముట్టాలో లెక్క వేస్తే గాని ఈ మాట నిజమో కాదో తెలియదు. పలకో కాగితమో తీసుకోండి.

నెల జీతం 9,000 రూపాయలు. అందులో నూటికి 60 వంతులు తీయాలి. 5,400 వచ్చింది. తర్వాత వయసును బట్టి చట్టంలో ఒక అంకె ఉంటుంది. చిన్న వయసుకు పెద్ద అంకె, పెద్ద వయసుకు చిన్న అంకె. పాతికేళ్ళకు 216.91. నలభై ఏళ్ళకు 184.17. ఈమెకు ముప్ఫై అయిదు కాబట్టి 197.06. 5,400ను 197.06తో గుణించాలి. 10,64,124 వచ్చింది. శాశ్వతంగా ఏ పనీ చెయ్యలేని వాళ్ళకు ఇవ్వాల్సిన సొమ్ము అది.

ఈమెకు పోయినవి ఒక చేతి మూడు వేళ్ళు. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో చట్టంలో పట్టిక ఉంది. బొటనవేలు పోతే నూటికి 30. చూపుడు వేలు మొత్తం పోతే 14. ఒక చేతి రెండు వేళ్ళు పోతే 20. మూడు పోతే 30. నాలుగూ పోతే 50. కాబట్టి 10,64,124లో నూటికి 30 వంతులు తీయాలి. 3,19,237 రూపాయలు.

మంచం మీద పెట్టింది ఇరవై వేలు.

వైద్యం ఖర్చు ఈ లెక్కలో లేదు. అది విడిగా యజమానే భరించాలి. ఆసుపత్రి బిల్లు కట్టాను కదా అని పరిహారంలో కోసుకోవడానికి వీల్లేదు.

జీతం ఎక్కువ ఉన్నవాళ్ళకు ఒక హద్దు పెట్టారు. ఎంత జీతమున్నా లెక్కకు కొంత వరకే తీసుకుంటారు. ఈ హద్దు 8,000గా ఉండేది. 2020 జనవరిలో 15,000 చేశారు. హద్దు మారుతుంటుంది కాబట్టి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆఫీసులో అడగడం మంచిది.

ఇక ఆడవాళ్ళంతా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. చదువుకున్న వాళ్ళకు కూడా చాలామందికి తెలియదు. పనిచేసే స్త్రీకి ఒకేసారి ఇవ్వాల్సిన పరిహారాన్ని యజమాని నేరుగా ఆమె చేతికి ఇవ్వకూడదు. అధికారి దగ్గర జమ చెయ్యాలి. ఆ అధికారి ఆమెకు ఇప్పిస్తాడు. యజమాని నేరుగా ఇచ్చిన సొమ్మును చట్టం పరిహారంగా లెక్కపెట్టదు. మనిషి చనిపోయినప్పుడు కూడా ఇదే నియమం. అప్పుడు మాత్రం మూడు నెలల జీతం దాకా ఇంటివాళ్ళకు ముందుగా ఇవ్వవచ్చు. ఆడవాళ్ళ చేతిలో ఎంతో కొంత పెట్టి వేలిముద్ర వేయించుకునే అలవాటు పాతదే. చట్టం చేసినవాళ్ళకు ఆ అలవాటు తెలుసు.

పరిహారం సొమ్మును అప్పులవాడు జప్తు చేయించలేడు. ఆ సంగతి కూడా చట్టంలోనే ఉంది.

మూడో మాట. "ఇక మీదట అడగను."

హక్కు వదులుకుంటున్నానని కూలీ చేత రాయించుకున్న కాగితం చెల్లదు. ముందు రాయించుకున్నా చెల్లదు, తర్వాత రాయించుకున్నా చెల్లదు. ఇద్దరూ నిజంగానే రాజీ పడితే ఆ ఒప్పందాన్ని అధికారి దగ్గర నమోదు చెయ్యాలి. సొమ్ము మరీ తక్కువగా ఉందనిపిస్తే, మోసం చేసి రాయించారనిపిస్తే, నమోదు చెయ్యనని అధికారి అనవచ్చు. కాబట్టి ఇదివరకే తెలియక వేలిముద్ర వేసినవాళ్ళు ఉంటే, అంతా అయిపోయిందని దిగులు పడొద్దు.

కాని ఒక కాగితం మాత్రం నిజంగానే దెబ్బ తీస్తుంది. అది ఆసుపత్రి చీటీ.

ఈ అక్క ఇంటి దగ్గర గడ్డి మిషన్లో దెబ్బ తగిలిందని చెప్పింది. అధికారి ముందు యజమాని వకీలు ఆ చీటీయే చూపిస్తాడు. "అమ్మా, నువ్వే చెప్పావు కదా!" అంటాడు. అప్పుడు తోటి కూలీలు వచ్చి సాక్ష్యం చెప్పాలి. వాళ్ళు అదే మిల్లులో పనిచేస్తున్నారు. పని పోతుందని భయపడతారు. గెలవలేమని కాదు. కాని రెండు మాటల్లో తేలిపోయే సంగతి రెండేళ్ళు సాగుతుంది.

అందుకని ఎంత నొప్పిగా ఉన్నా డాక్టరుకు నిజమే చెప్పాలి. ఏ ఊళ్ళో, ఏ మిల్లులో, ఏ మిషను దగ్గర, ఎన్ని గంటలకు జరిగిందో చెప్పాలి. దెబ్బ తగిలినామె చెప్పే స్థితిలో లేకపోతే వెంట వెళ్ళినవాళ్ళు చెప్పాలి. వెంట మేస్త్రి ఒక్కణ్ణే పంపకండి. తోటి ఆడమనిషి ఒకామె ఆటో ఎక్కాలి. ఒక పూట కూలి పోయినా సరే. పోలీసులకు ఆసుపత్రి వాళ్ళు కబురు చేస్తే భయపడక్కర్లేదు. దెబ్బ తగిలినామె నేరం చేసినట్టు కాదు. ఆ నమోదు ఆమెకే అక్కరకొస్తుంది. ఓపీ చీటీ, ఎక్స్‌రే, మందుల బిల్లులు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం అన్నీ ఒక సంచిలో వెయ్యాలి.

సదరం సర్టిఫికెట్ వేరు, ఇది వేరు. సదరం పింఛను కోసం. అందులో పడిన శాతం, పరిహారం పట్టికలో శాతం ఒకటే ఉండాలని లేదు.

ఆ పట్టిక కూడా ఆఖరి మాట కాదు. 1968లో ఒక వడ్రంగి సినిమా హాలులో నగిషీ పని చేస్తూ కింద పడ్డాడు. ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒంటిచేత్తో వడ్రంగి పని చెయ్యలేడు కాబట్టి, అతనికి పని శక్తి మొత్తం పోయినట్టే లెక్క అని 1975లో కోర్టు తీర్పు చెప్పింది. వేళ్ళు పోయిన అక్క ఇక తన పని అసలు చెయ్యలేని స్థితిలో ఉంటే, ఆ మాట దరఖాస్తులో రాయాలి. డాక్టరు చేత కూడా చెప్పించాలి.

అవయవం పోకుండా కొన్నాళ్ళు మంచాన పడేవాళ్ళూ ఉంటారు. తట్ట మోస్తూ జారి కాలు విరిగింది, రెండు నెలలు పని లేదు. అప్పుడు పదిహేను రోజులకొకసారి నెల జీతంలో పావు వంతు ఇవ్వాలి. 9,000 జీతానికి పదిహేను రోజులకు 2,250. దీన్ని అయిదేళ్ళ దాకా ఇవ్వవచ్చు. మొదటి మూడు రోజులకు ఇవ్వరు. కాని 28 రోజులు, అంతకు మించి పని చెయ్యలేకపోతే మొదటి రోజు నుంచే లెక్క.

చనిపోతే లెక్క వేరు. నూటికి 60 బదులు 50 వంతులు తీస్తారు. ముప్ఫై ఏళ్ళ కూలీ, నెలకు 12,000 సంపాదించే మనిషి, కట్టే మేడ మీద నుంచి పడి చనిపోయాడనుకోండి. జీతంలో సగం 6,000. ముప్ఫై ఏళ్ళకు అంకె 207.98. గుణిస్తే 12,47,880. భార్యకు, మైనరు పిల్లలకు, అతని మీద ఆధారపడ్డ తల్లికి ఇది చెందాలి. శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని పెద్దమనుషులు రెండు లక్షలకు తెగ్గొట్టే బేరాలు చూస్తూనే ఉన్నాం. ఆ ఏడుపులో ఎవరు లెక్క వేస్తారు? అందుకే లెక్క ముందే తెలిసి ఉండాలి.

పెద్ద ప్రమాదం జరిగితే పేపర్లో పడుతుంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అటువంటప్పుడు మంత్రులు వస్తారు, సాయం ప్రకటిస్తారు. ప్రభుత్వం దయతో ఇచ్చే సాయం వేరు, చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సింది వేరు. ఇక మూడు వేళ్ళు పోయిన కూలీ సంగతి పేపర్లో పడదు. ఏ మంత్రీ రాడు. ఆమె అడిగితేనే బయటికొస్తుంది.

ఎవరిని అడగాలి? పనిలో పెట్టింది మేస్త్రి. మేస్త్రిని పెట్టింది కాంట్రాక్టరు. కాంట్రాక్టరు ఎక్కడుంటాడో తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. ఎవరి వ్యాపారం కోసం ఆ పని జరుగుతోందో, ఆ అసలు యజమానినే అడగవచ్చు. ఆయన ముందు ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడు. అది వాళ్ళ గొడవ.

ఏ పనులకు వర్తిస్తుంది? చట్టంలో జాబితా ఉంది. మిల్లులు, గనులు, కట్టుబడి పనులు ఉన్నాయి. పొలం పనులన్నీ లేవు. అది ఈ చట్టంలో పెద్ద లోటే. కాని ట్రాక్టరుతో, కరెంటు మిషన్లతో చేసే సేద్యం ఉంది. మిషనుతో కోత, నూర్పిడి ఉన్నాయి. పురుగుమందు కొట్టడం ఉంది. నూర్పిడి మిషన్లో కొంగో జడో చిక్కుకుని దెబ్బ తగిలితే, అది పొలం పని కదా, మాకేం రాదు అని ఊరుకోవద్దు.

పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఈఎస్ఐ ఉండవచ్చు. జీతంలో ఈఎస్ఐ కింద కోస్తుంటే, దెబ్బ తగిలినప్పుడు వైద్యం, సొమ్ము ఈఎస్ఐ నుంచే వస్తాయి. పని చెయ్యలేని రోజులకు జీతంలో ఇంచుమించు నూటికి తొంభై ఇస్తారు. అటువంటివాళ్ళు యజమాని దగ్గర మళ్ళీ ఈ పరిహారం అడగడానికి ఉండదు. కార్డు ఉందో లేదో ఈ నెల జీతం తీసుకునేటప్పుడే అడగండి.

దరఖాస్తు కార్మిక శాఖ ఆఫీసులో పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ కేసులు కార్మిక శాఖ అధికారులే చూస్తూ వచ్చారు. ప్రమాదం జరిగిన చోటే పెట్టాలని లేదు. తాము కాపురం ఉండే చోట కూడా పెట్టవచ్చు. పాలమూరు నుంచి పుణెకు కట్టుబడి పనికి పోయి దెబ్బ తిన్నవాళ్ళు పాలమూరులోనే పెట్టుకోవచ్చు. గడువు రెండేళ్ళు. యజమానికి కబురు మాత్రం వెంటనే చెయ్యాలి. సొమ్ము ఇవ్వాల్సి వచ్చిన నెలలోపు యజమాని ఇవ్వకపోతే ఏడాదికి నూటికి 12 చొప్పున వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే, పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వెయ్యవచ్చు. అధికారి మూడు నెలల్లో తేల్చాలని పాత చట్టం చెప్పింది. నిజానికి ఎక్కువ కాలమే పడుతోంది. తిరగాలి. ఒక్కతే తిరగడం కంటే సంఘంలోని ఇద్దరు తోడు వెళ్ళడం మేలు.

వకీలు లేకపోయినా నడుస్తుంది. కావాలంటే డబ్బు లేకుండానే దొరుకుతాడు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంటుంది. ఫోను నంబరు 15100.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఎక్కడ పని, ఎన్ని గంటలు, ఎంత కూలి ముట్టింది, పక్కన ఎవరు పనిచేశారు. రోజుకు ఒక గీత చాలు. చాలా కేసుల్లో యజమాని ముందుగా అనే మాట, "ఈమె మా దగ్గర పని చెయ్యలేదు." తర్వాత మాట, "చేసింది గాని జీతం నాలుగు వేలే." జీతం తగ్గితే పరిహారం తగ్గుతుందని పైన వేసిన లెక్కలో చూశారు కదా. రోజూ రాసుకున్న పుస్తకం ఉంటే ఆ రెండు మాటలకూ జవాబు చెప్పవచ్చు.

మిల్లు అక్క షావుకారుకు ఉత్తరం రాసింది. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఆమె చెబుతుంటే కూతురు రాసింది. కింద సంతకం మాత్రం ఆమే ఎడమచేత్తో చేసింది. వంకరగా వచ్చింది. అయినా వేలిముద్ర వెయ్యలేదు. ఆ ఉత్తరం ఇలా ఉంది.

"అయ్యా, మీ మిల్లులో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. నా జీతం నెలకు 9,000 రూపాయలు. ఫలానా తేదీన పగలు పదకొండు గంటలకు రెండో మిషను రోలరులో పడి నా కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఆ సమయంలో నా పక్కన ఇద్దరు పనిచేస్తున్నారు. ఆసుపత్రిలో ఇంటి దగ్గర జరిగిందని చెప్పమని మేస్త్రి చెప్పగా, భయంతో అలా చెప్పాను. అది నిజం కాదు. చట్టప్రకారం నాకు రావలసిన పరిహారం అధికారి దగ్గర జమ చెయ్యవలసిందిగా కోరుతున్నాను."

ఉత్తరానికి నకలు ఒకటి తీసి ఉంచుకుంది. అసలు ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపింది. పోస్టాఫీసు వాళ్ళు ఇచ్చిన రసీదు ఆసుపత్రి కాగితాల సంచిలోనే వేసింది. నెల రోజులు చూసింది. జవాబు రాలేదు. ఆ సంచి పట్టుకుని, సంఘంలోని ఇంకో అక్కను తోడు తీసుకుని, కార్మిక శాఖ ఆఫీసుకు బస్సెక్కింది.